రేపటి డబ్బా మూత తీసిన సాయంత్రం

ఆరిన బట్టలు సగం మడతపడ్డాయి, సగం ఇంకా మంచం మీద కుప్పగా ఉన్నాయి. మామయ్య చొక్కాల కాలర్లు సరిచేసి, జేబుల్లో చెయ్యి పెట్టి చూసి, ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది కత్తెరమ్మ. వీధి చివర కుట్టుకొట్టు నడుపుతుంది కనుక వీధివాళ్ళు పెట్టిన పేరది. మొదట్లో ఉడుక్కునేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది.

మామూలుగా అయితే ఈ వేళకి ఆమె కొట్టులోనే ఉండాలి. ఇవాళ పెందలాడే తాళం వేసి వచ్చింది. ఇవాళ ఒకటో తారీఖు. పోయిన వారమే కదా, కొట్టు గది సొంతదారు గుమ్మంలో నిలబడి, "ఈ గది అమ్మేస్తున్నానమ్మా" అని పిడుగులాంటి మాట చల్లగా చెప్పాడు! పక్కనున్న మందుల షాపాయన కొంటానని వెంటపడుతున్నాడట. "ఇన్నేళ్ళుగా అద్దె ఒక్క నెల కూడా తప్పలేదు నువ్వు. అందుకని ముందు నిన్నడుగుతున్నా. ఒకటో తారీఖు రాత్రి దాకా ఆగుతాను. ఆ తర్వాత నా మాట నా చేతిలో ఉండదు" అన్నాడు. కత్తెరమ్మ మిషను ముందునుంచి లేవకుండానే, "బయానా సొమ్ము సిద్ధంగా ఉంది బాబాయ్. ఆ రాత్రిలోగా మీ చేతిలో పెడతాను" అంది.

అంత ధీమాగా ఎలా అనగలిగిందంటే, ఇంట్లో రేపటి డబ్బా ఉంది.

ఆ ఇంట్లో డబ్బు నాలుగు రేకు డబ్బాల్లో కాపురముంటుంది. ఒకప్పుడు బిస్కెట్లుండే డబ్బాలే. వాటి మీద అత్తయ్య రంగుతో రాసిన పేర్లు: ఇల్లు, రోగం, సరదా, రేపు. అత్తయ్య బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎంత రద్దీలోనైనా ఎవరికి ఎంత చిల్లర బాకీ ఉందో మరిచిపోయేది కాదని ఇప్పటికీ బస్సు డిపోలో చెప్పుకుంటారు. ఇల్లు కూడా బస్సులాగే నడిపింది. నెల మొదటి రోజు సాయంత్రం అందరూ తమ సంపాదన తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాలి. ఫోన్లో చూపిస్తే చెల్లదు. "ఆ అంకెలకి బరువుండదర్రా. చేత్తో పట్టుకుంటేనే ఖర్చు పెట్టబోయే చెయ్యి వెనకాడుతుంది" అంటుంది. ముందు రేపటి డబ్బా, తర్వాత రోగం, తర్వాత ఇల్లు. అన్నీ పోగా ఏదైనా ఉంటే సరదా. "మిగిలింది దాచుకోవడం కాదు, దాచుకోగా మిగిలిందే ఖర్చు" అన్నది ఆవిడ సిద్ధాంతం. రేపటి డబ్బా కాస్త నిండగానే ఆ సొమ్ము బ్యాంకు డిపాజిట్టులోకి వెళ్ళిపోతుంది. డబ్బా మళ్ళీ ఖాళీ కడుపుతో అటక మీదికి ఎక్కుతుంది.

అన్నిటికంటే విచిత్రమైనది కుదువ చట్టం. నెల మధ్యలో అవసరం పడితే ఏ డబ్బాలోంచైనా ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. కానీ తీసినవాళ్ళు తమ వస్తువొకటి ఆ డబ్బాలో పెట్టాలి. అదీ ఏదో పాత దువ్వెన కాదు, లేకపోతే తమ ప్రాణం గిలగిల్లాడేదై ఉండాలి. మళ్ళీ ఒకటో తారీఖున బల్ల ముందు, ఎందుకు తీశారో, ఎప్పటికి నింపుతారో చెప్పాలి. అప్పటిదాకా ఎవరూ నోరెత్తి అడగకూడదు. ఒకసారి ఇంటాయన, అంటే కత్తెరమ్మ మొగుడు, తన ఇయర్‌ఫోన్లు కుదువ పెట్టి, నెల పొడుగునా బస్సులో పక్కవాళ్ళ సంసారాల గొడవలు వింటూ పనికి వెళ్ళాడు. ఒకసారి కత్తెరమ్మ తన పెద్ద కత్తెర పెట్టింది గానీ, మర్నాడే అరువు కత్తెరతో ఒకరి కోటు చెయ్యి పొట్టిగా కోసేసి, పరుగున వచ్చి విడిపించుకుంది. అత్తయ్య మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఏ డబ్బాలోనూ చెయ్యి పెట్టలేదు.

మూడు వారాల కిందట డిపాజిట్టు గడువు తీరింది. "ఈ నెలదీ కలిపి ఒకేసారి మళ్ళీ వేద్దాం, మాటిమాటికీ బ్యాంకు చుట్టూ తిరగలేను" అని అత్తయ్యే ఆ సొమ్ము తెచ్చి రేపటి డబ్బాలో పెట్టింది. ఇంతలో గది సంగతి వచ్చింది. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకుని కత్తెరమ్మ మురిసిపోయింది.

ఆఖరి తువ్వాలు మడతపెట్టి తలెత్తేసరికి కిటికీ దగ్గర మామయ్య కనిపించాడు. పరదా వెనక్కి చెయ్యిపోనిచ్చి తడుముతున్నాడు. ఆమె చూస్తోందని తెలియగానే, పరదా దులుపుతున్నట్టు రెండు తట్లు తట్టాడు.

"దుమ్మమ్మా, దుమ్ము. ఎంత దులిపినా పోదు."

"అవును మామయ్యా" అంది కత్తెరమ్మ.

ఆయన వాచీలు బాగుచేసే మనిషి. దుకాణం ఎత్తేసినా ఇంట్లోనే కిటికీ వెలుగులో కూర్చుని, కంటికి నల్లటి భూతద్దం బిగించుకుని, వీధివాళ్ళ వాచీలకు ప్రాణం పోస్తుండేవాడు. కొన్నాళ్ళుగా ఆ బల్ల దగ్గర కూర్చోవడమే మానేశాడు. అడిగితే, "ఇప్పుడు వాచీలెవరు పెట్టుకుంటున్నారమ్మా, అందరికీ ఫోన్లోనే టైమాయె" అంటాడు. సొరుగులో మాత్రం బాగుచెయ్యమని ఇచ్చిన వాచీలు వరసగా పడుకుని ఉన్నాయి. దిండ్ల కింద, చెప్పుల స్టాండు వెనక, పరదాల చాటున ఆయన దేనికోసమో తడుముకోవడం ఆమె చాలాసార్లే చూసింది. పెద్దవాళ్ళు దాచుకోవాలనుకునేదాన్ని చూడనట్టు ఊరుకోవడమూ మర్యాదే అని ఊరుకుంది.

మెట్ల మీద రొప్పు వినిపించింది. ఇంటాయన వచ్చాడు. ఊళ్ళో అందరి లిఫ్టులూ బాగుచేసే ఆ మెకానిక్కు ఉండే వాటాకి మాత్రం నాలుగంతస్తులూ మెట్లే గతి.

"ఎవరైనా వినండి" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "లిఫ్టు ఇరుక్కుంటే నన్ను పిలుస్తారు. నేను మెట్ల మీద ఇరుక్కుంటే ఎవర్ని పిలవాలి?"

"పొట్ట తగ్గించుకోమని డాక్టర్ని పిలవాలి" అంది కత్తెరమ్మ. "చేతులు కడుక్కుని రండి. ఇవాళ పనుంది."

బల్ల చుట్టూ నలుగురూ కూర్చున్నారు. ఇంటాయన జీతం తీసి పెట్టాడు. కత్తెరమ్మ కొట్టు సంపాదనలోంచి దారాలకీ లైనింగు గుడ్డకీ, అద్దెకీ పోగా మిగిలింది పెట్టింది. అత్తయ్య తన పెన్షను పెట్టింది. మామయ్య ఖాళీ చేతులు బల్ల మీద పరిచి, మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు.

మామూలుగా ఈ ఘట్టం మహా సందడిగా ఉంటుంది. అత్తయ్య రూపాయి బిళ్ళతో బల్ల మీద టకటకమని కొట్టి, "లోపలికి జరగాలి, లోపలికి జరగాలి, రేపటివాళ్ళు ముందెక్కాలి" అని అరుస్తుంది. ఇవాళ ఆవిడ నోట మాట లేదు. నోట్లు పంచుతున్న చేతులు మాత్రం పాత అలవాటు కొద్దీ చకచకా కదులుతున్నాయి.

"అమ్మా, సరదాలోంచి బూట్లకి ఇప్పించమ్మా. ఒక బూటు నోరు తెరిచింది" అన్నాడు ఇంటాయన.

"ఊఁ" అంది అత్తయ్య.

ఇంటాయన తెల్లబోయాడు. కనీసం 'నీ నోటికంటేనా' అంటుందనుకున్నాడు. "నీకు ఒంట్లో బాగుందా అమ్మా? ఒక్క మాటకే ఒప్పేసుకున్నావు?"

"బాగానే ఉంది. కానివ్వండి."

"ఇక రేపటి డబ్బా దించండి" అంది కత్తెరమ్మ భర్తతో. "బయానా సొమ్ము విడిగా కట్టి పెట్టుకుంటాను. భోంచేసి వెళ్ళి ఇచ్చేసొద్దాం."

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుంది. "ఇవాళే కావాలా అమ్మాయ్? ఆయన్ని ఇంకో వారం ఆగమంటే?"

"ఆయన ఆగినా మందుల షాపాయన ఆగడు అత్తయ్యా."

ఇంటాయన కుర్చీ ఎక్కి అటక మీంచి డబ్బా దించాడు. దించుతూనే చేతిలో ఎగరేసినట్టు చూసి, "ఏంటిది, తేలిగ్గా ఉంది?" అన్నాడు. కత్తెరమ్మ డబ్బా తనవైపు లాక్కుని మూత తీసింది.

నోట్లున్నాయి. ఉండాల్సినదాంట్లో సగమే ఉన్నాయి. వాటి మీద పిడికెడంత గుడ్డ మూట ఒకటి ఉంది.

అంటే ఎవరో కుదువ పెట్టారన్నమాట. కత్తెరమ్మ మూట విప్పింది. గుండ్రంగా, నల్లగా, అంచులు చేతి రాపిడికి అరిగిపోయిన భూతద్దం.

"ఓరి నీ!" మామయ్య కుర్చీ వెనక్కి పడేంత విసురుగా లేచాడు. "ఇదిక్కడుందా? ఇక్కడుందా ఇది!"

గుడ్డ పక్కకి తోసేసి, అద్దం అందుకుని కంటికి బిగించుకున్నాడు. బల్ల మీది చెక్క గీతలు చూశాడు. తన గోళ్ళు చూసుకున్నాడు. కొడుకు చొక్కా గుండీ చూశాడు. తప్పిపోయిన పిల్ల దొరికినట్టు నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి కొడుకువైపు తిరిగాడు.

"పారేసుకున్నాననుకున్నానర్రా. ఎక్కడ పెట్టానో ఎంత తలబద్దలుకొట్టుకున్నా గుర్తుకు రాదు. మా అన్నయ్య ఇలాగే మొదలయ్యాడు. ముందు తాళంచెవులు మర్చిపోయాడు, తర్వాత ఇంటికి దారి, తర్వాత మమ్మల్ని. నాకూ అదే వచ్చిందనుకున్నాను. చెప్తే మీరు నన్ను ఒంటరిగా బయటికి పంపరు. చెప్పకపోతే లోపల భయం. పొద్దున లేవగానే మీ అందరి పేర్లూ మనసులో ఒకసారి చెప్పుకునేవాణ్ణి, గుర్తున్నాయా లేదా అని."

ఇంటాయన నెమ్మదిగా, "మరి డబ్బాలోకి ఎలా వచ్చింది నాన్నా? నువ్వే డబ్బు తీసి, ఇది పెట్టి, ఆ సంగతి మర్చిపోలేదు కదా?" అన్నాడు.

మామయ్య మొహంలో వెలుగు టక్కున ఆరిపోయింది. భూతద్దం కంటినుంచి తీసి అరచేతిలో పట్టుకుని చూశాడు. "నేనా? అయ్యుండచ్చా? ఏమోరా. అదీ అయ్యుండచ్చు."

"కాదు" అంది కత్తెరమ్మ.

అంత గట్టిగా అంటానని ఆమెకే తెలియదు. "మామయ్య పెట్టలేదు. ఈ అద్దం దగ్గరికి గుడ్డముక్కని రానిచ్చే మనిషేనా ఆయన? నేను తుడిచిపెడతానంటేనే కసిరారు ఒకసారి. ఏమన్నారో గుర్తుందా మామయ్యా?"

"నూలుపోగు అంటుకుంటే వాచీలో పడుతుంది. ఊదాలి గానీ తుడవకూడదు" అన్నాడు ఆయన పాఠం అప్పజెప్పినట్టు.

"చూశారా, ఎంత గుర్తో! అలాంటి మనిషి దీన్ని గుడ్డలో మూటకట్టి పెడతారా? మీ బుర్రకేం రాలేదు మామయ్యా. మీ వస్తువు మీకు తెలియకుండా ఎవరో తీసుకెళ్ళి పెట్టారు. అంతే."

మామయ్య ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలాడు. పడిపోయిన కుర్చీ ఎత్తి నిలబెట్టి, నిటారుగా కూర్చున్నాడు.

ఇంటాయన మొహం ఇప్పుడు ఎర్రబడింది. "నాన్న కాదు. నువ్వు కాదు, నీ గది సొమ్ము నువ్వే తీసుకోవు. ఇక మిగిలింది నేనేగా. కొత్త బండి కొంటానని పోయిన నెలంతా తలుచుకున్నది నేనేగా. అడుగు, అడిగెయ్యి."

"మీరైతే మూత ఇంత సరిగ్గా పెట్టేవారు కాదు" అంది కత్తెరమ్మ. "పెరుగు గిన్నె మీద మూత పెట్టమంటేనే పక్కన పెట్టి వస్తారు. కూర్చోండి."

ఇంటాయన కూర్చున్నాడు. కోపంగా ఉండాలో నవ్వాలో తేల్చుకోలేకపోయాడు. కాసేపు జుట్టు పీక్కుని, "సరే, ముందు గది సంగతి చూద్దాం" అన్నాడు. "మా పనిచోట ఒక ఫైనాన్సాయన ఉన్నాడు. ఫోన్ చేస్తే గంటలో తెచ్చిస్తాడు. కాగితాలూ గట్రా ఏం అడగడు."

"కాగితాలు అడగనివాడు వడ్డీ అడుగుతాడు. ఎంతట?"

ఇంటాయన చెప్పాడు. కత్తెరమ్మ చెయ్యి అలవాటు కొద్దీ సుద్దముక్కకోసం బల్ల మీద వెతికింది, దొరకలేదు. కొట్టులో గుడ్డ మీద గీసినట్టు బల్ల మీద గోటితో ఒక గీత గీసింది.

"ఇది మనం నెలనెలా కట్టే అద్దె." దాని కింద ఇంకో గీత, పొడుగ్గా, బల్ల అంచుదాకా గీసింది. "ఇది ఆయన వడ్డీ. అద్దె తప్పించుకుందామని గది కొంటున్నాం. అద్దెకి రెండింతలు వడ్డీ కట్టుకోవడానికి కాదు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే కదండీ."

"పోనీ రోగం డబ్బా? నిండుగానే ఉందిగా."

"దాన్ని ముట్టుకోవద్దు. రోగం కబురు పెట్టి రాదు. మనం దాన్ని ఖాళీ చేసిన నెలే చూసి వస్తుంది."

"అయితే గది పోయినట్టే."

"ఎందుకు పోతుంది?" అంది కత్తెరమ్మ. "గుడ్డ తక్కువైతే ఏం చేస్తాం? కస్టమర్ని పంపించెయ్యం కదా. ఎక్కడ అతుకు పెడితే కనపడదో చూస్తాం."

ఫోన్ తీసి అక్కడే, అందరి ముందే గది సొంతదారుకి చేసింది. స్పీకరు పెట్టింది.

"బాబాయ్, నేను. సొమ్ము సంగతి చెప్దామని చేశాను. ఈ రాత్రికి సగమే ఇవ్వగలను."

అవతల కాసేపు దగ్గు వినిపించింది. "సగమా? మొత్తం సిద్ధంగా ఉందన్నావు కదమ్మా. మాటంటే మాటే అనుకున్నాను."

"అన్నాను. సగం అందలేదు. ఎందుకంటారా, అది ఇంటి సంగతి, మాలో మేం చూసుకుంటాం. రేపు మీరు వచ్చి అడిగేదాకా దాక్కోకుండా ముందే నేనే చెప్తున్నాను. ఒక్కటి అడగనా? మందుల షాపాయన బ్యాంకు లోను మీద కదూ కొనేది?"

"అనుకుంటా."

"అది ఎప్పటికి చేతికొస్తుంది?"

"వాళ్ళ తిరుగుడు వాళ్ళు తిరగాలి కదా. రెండు మూడు నెలలంటున్నాడు."

"నేను ఈ రాత్రే సగం మీ చేతిలో పెడతాను. మిగతా సగం వచ్చే ఒకటో తారీఖుకి. రిజిస్ట్రేషను అయ్యేదాకా అద్దె మామూలే. అన్నీ కాగితం మీద రాసుకుందాం. ఆ తారీఖు నేను తప్పితే, ఇచ్చినదాంట్లోంచి రెండు నెలల అద్దె మీరు ఉంచేసుకుని, మిగతాది తిరిగివ్వండి. గది ఎవరికైనా అమ్ముకోండి. నేను నోరెత్తను."

అవతల మళ్ళీ దగ్గు. ఆ దగ్గు నవ్వుగా మారింది. "నీ కత్తెరకి రెండు వైపులా పదునేనమ్మా. సరే, రా. వచ్చే ఒకటి అంటే ఒకటే. రెండో తారీఖున నేను మందుల షాపు మెట్లెక్కుతాను."

"రెండో తారీఖు దాకా రానివ్వను బాబాయ్."

ఫోన్ పెట్టేసి, నోట్లు లెక్కచూసి, రబ్బరు బ్యాండు వేసి తన సంచీలో పెట్టుకుంది. రేపటి డబ్బా బల్ల మధ్యలో నోరు తెరుచుకుని ఖాళీగా కూర్చుంది.

ఇంటాయన ఆమెవైపు కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "రెండు నెలల అద్దె పందెం కాశావు! నెల తిరిగేలోగా ఆ సగం ఎక్కణ్ణుంచి తెస్తావోయ్?"

"బడిపిల్లల యూనిఫారాల పని ఒకటి వస్తానంటోంది. తీరిక ఉండదని ఇన్నాళ్ళూ వద్దన్నాను. ఇప్పుడు రమ్మంటాను. కొట్టులో వెనక మిషను ఖాళీగానే ఉంటోంది, దాన్ని ఎప్పట్నుంచో అడుగుతున్న ఎంబ్రాయిడరీ అమ్మాయికి అద్దెకిస్తాను. సరదా డబ్బా ఈ నెల తెరవం. మీ బూటుకి నేనే కుట్టేస్తాను నోరు."

"బూటుకా, నాకా?"

"ముందు బూటుకి."

మామయ్య ఫక్కున నవ్వాడు. ఆయన ఇలా పగలబడి నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆ నవ్వుతో కాస్త తేలికపడింది బల్ల.

"అవన్నీ చేసినా సగంలో సగమే తేలుతుంది" అంది కత్తెరమ్మ. "మిగతాది తీసినవాళ్ళు నింపాల్సిందే."

అంటూ, బల్ల మీద పడి ఉన్న గుడ్డముక్కని యథాలాపంగా చేతిలోకి తీసుకుంది. మడతలు సరిచేసింది. చేతికి గుడ్డ తగిలితే సరిచెయ్యకుండా ఉండలేదు మరి. ఆకుపచ్చ లైనింగు గుడ్డ. అంచులు పళ్ళ కత్తెరతో కోసి ఉన్నాయి, పోగులు ఊడకుండా. ఆ కోత తనదే. ఆ గుడ్డా తనదే. చలికాలం కోటుకి లోపలి గుడ్డ వేశాక మిగిలిన పీలిక అది. 'పారెయ్యకు అమ్మాయ్, కళ్ళజోడు తుడుచుకోవడానికి బాగుంటుంది' అని అడిగి తీసుకున్న చెయ్యి ఎవరిదో ఆమెకి గుర్తుంది. ఆ పీలిక ఇంకెవరికీ ఇవ్వలేదు.

కత్తెరమ్మ తల ఎత్తకుండానే కళ్ళు ఎత్తింది. ఎదుటి కుర్చీలో అత్తయ్య ఖాళీ డబ్బావైపు చూస్తోంది. ఆవిడ కళ్ళజోడు అద్దాల నిండా వేలిముద్రలు.

కాపురానికొచ్చిన కొత్తలో, చీటికీ మాటికీ చిల్లర ఖర్చు చేస్తుంటే, తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని డబ్బు ఎలా నిలుస్తుందో నేర్పింది ఈ చేతులే. తను కొట్టు పెడతానన్నప్పుడు అందరూ నవ్వితే, 'పెట్టనివ్వండి, బస్సు కదలకపోతే టికెట్లు ఎలా తెగుతాయి' అన్నది ఈ నోరే. ఇప్పుడు ఈ పీలిక బల్ల మీద పరిచి 'ఇదెవరిది' అంటే చాలు. నిజం బయటపడుతుంది. ఆ తర్వాత ఈ బల్ల ముందు ఆవిడ మళ్ళీ తలెత్తుకుని కూర్చోగలదా?

కానీ మామయ్య? పొద్దున్నే లేచి తన వాళ్ళ పేర్లు తనే అప్పజెప్పుకున్న మామయ్య సంగతేమిటి?

గుడ్డముక్కని పిడికిట్లో ముడిచి, చెయ్యి బల్ల కిందికి దించుకుంది కత్తెరమ్మ.

"ఎవరు తీశారన్నది నాకక్కర్లేదని అనను" అంది. గొంతు పెంచలేదు. ఎవరివైపూ చూడలేదు. "కావాలి. గది నాది కనుక కావాలి. కానీ నేను అడగను, ఎవర్నీ వేలెత్తి చూపించను. తీసినవాళ్ళే చెప్పాలన్నది ఈ బల్ల చట్టం. అవసరం పడి తీసుంటే అందులో తప్పేం లేదు. అందుకే కదా డబ్బా ఉన్నది. సగమే తీశారంటే, నన్ను పూర్తిగా ముంచకూడదని కూడా అనుకునే ఉంటారు. కానీ ఎవరి కుదువ వాళ్ళదై ఉండాలి. ఇంకొకళ్ళ కన్ను తీసుకెళ్ళి పెట్టకూడదు. డబ్బు పోతే ఏ యూనిఫారాలో కుట్టి నింపుతాను. ఇన్ని రోజులు మామయ్య తన బుర్ర మీద తనే నమ్మకం పోగొట్టుకుని బతికారు. దాన్ని ఏ డబ్బాతో నింపుతాం?"

ఇంటాయన తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు చెప్పింది నిజం. ఎవరో గానీ..." అని ఆగిపోయాడు. ఆ 'ఎవరో'లో ఇంకెవరు మిగిలారో అప్పుడే తట్టినట్టుంది. తల మెల్లగా తల్లివైపు తిప్పాడు. మళ్ళీ చటుక్కున బల్లవైపు తిప్పుకున్నాడు.

మామయ్యకి మాత్రం ఇంకా ఏమీ తట్టలేదు. అద్దం మీద ఉఫ్ అని ఊది, కంటికి బిగించుకుని, "ఏమే, నీ మొహం ఇలా చూసి ఎన్నాళ్ళయిందో! ఇలా తిరుగు" అన్నాడు నవ్వుతూ భార్యతో.

అత్తయ్య ఆయనవైపు తిరిగింది. ఆ గుండ్రటి అద్దంలోంచి ఆయనేం చూశాడో గానీ, నవ్వు సగంలో ఆగింది. అద్దం మెల్లగా కంటినుంచి దించాడు.

ఆవిడ లేచింది. కుర్చీ శబ్దం కాకుండా వెనక్కి జరిపింది. అందరూ ఆవిడ నోటివైపే చూస్తున్నారు. బల్ల మధ్యలో ఉన్న రేపటి డబ్బా అందుకుంది. మూత వెతికి, నొక్కి పెట్టింది. మేకుకున్న కోటు తీసి తొడుక్కుంది. గుమ్మం దగ్గర వంగి బూట్లు వేసుకుంటున్నప్పుడు మాత్రం డబ్బా నేల మీద పెట్టలేదు. నింపుకుని వచ్చేదాకా కింద పెట్టనన్నట్టు, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఒక చేత్తో అలా పట్టుకునే ఉంది.

"అమ్మా?" అన్నాడు ఇంటాయన లేస్తూ.

కత్తెరమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా, అత్తయ్య గుమ్మం దాటి మెట్లు దిగి వెళ్ళిపోయింది.